తేదీ పక్కన తేదీ

2022 సెప్టెంబరు 14న టొరంటోలో భవన నిర్మాణ రంగ సంఘం ఒక విందు ఇచ్చింది. ఆ విందులో ఇద్దరు పేరున్న డెవలపర్లు కెనడాలోని ఒంటారియో ప్రావిన్స్ గృహనిర్మాణ మంత్రి పేషీ అధిపతిని కలిసి కాగితాల కట్టలు చేతికిచ్చారు. ఫలానా భూముల్ని నగర విస్తరణకు అందకుండా కాపాడిన గ్రీన్‌బెల్ట్ నుంచి తప్పించండి అన్న విన్నపాలు వాటిలో ఉన్నాయి. రెండు నెలలు తిరక్కుండానే, నవంబరు 4న, పదిహేను చోట్ల మొత్తం 7,400 ఎకరాలను గ్రీన్‌బెల్ట్ నుంచి తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ విస్తీర్ణంలో దాదాపు 92 శాతం ఈ ఇద్దరు డెవలపర్ల ద్వారా పేషీకి చేరిన ఐదు చోట్లదే.

ఈ ముక్కల్ని ఇలా పక్కపక్కన పెట్టి చూపించింది ఒంటారియో ఆడిటర్ జనరల్ బానీ లైసిక్. 2023 ఆగస్టు 9న ఆమె విడుదల చేసిన ప్రత్యేక నివేదిక, లంచం ముట్టిందని ఎక్కడా అనదు. ఎవరి మనసులో ఏముందో ఊహించదు. ఎవరు, ఎవరికి, ఏ రోజున, ఏమిచ్చారు, ఆ తర్వాత ఎన్నాళ్ళకు ఏం జరిగింది అన్నదే చెబుతుంది. చదివేవాళ్ళకు మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. రాజకీయాల మీద రాయడంలో ఇంతకంటే కష్టమైన పని లేదని నేను నమ్ముతాను. కోపం తెప్పించే విషయాన్ని కోపం లేకుండా చెప్పాలి. ఒక్క తేదీ తప్పినా కట్టిందంతా కూలిపోతుంది కాబట్టి ప్రతి తేదీనీ రెండుసార్లు సరిచూసుకోవాలి. గ్రీన్‌బెల్ట్ వ్యవహారంలో ఆ పని చేసినవాళ్ళు ఆడిటర్ ఒక్కరే కాదు. ఆమెకంటే ముందు విలేఖరులున్నారు, ఆమె తర్వాత మరో ఇద్దరు కమిషనర్లున్నారు, మధ్యలో వారం వారం ఆ ప్రావిన్స్ రాజకీయాల్ని విప్పి చెప్పే వ్యాఖ్యాతలున్నారు. ఈ వ్యాసం వాళ్ళందరి పనితనం గురించి.

ముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. కెనడా అంటే మన పత్రికల్లో కనిపించేది ఆటవా, ప్రధానమంత్రి, వీసాల గొడవ. అక్కడ రోజువారీ బతుకును నడిపేది ప్రావిన్స్ ప్రభుత్వం. ఆసుపత్రులు, బడులు, పురపాలక సంఘాలు, ఏ భూమిలో ఇల్లు కట్టొచ్చు, ఏ భూమిలో కట్టకూడదు అన్నవన్నీ ప్రావిన్స్ చేతిలోవే. బ్రాంప్టన్‌లోనో మిల్టన్‌లోనో ఇల్లు కొనుక్కోవాలని కిస్తీల లెక్కలు వేసుకుంటున్న తెలుగు కుటుంబం తలరాత ఆటవాలో కంటే టొరంటో నడిబొడ్డున ఉన్న క్వీన్స్ పార్క్ శాసనసభలోనే ఎక్కువగా రాసి ఉంటుంది. ఇళ్ళ ధరలు అందనంత ఎత్తుకు పోయిన చోట, ఇళ్ళు కట్టడానికి భూమి తీస్తున్నాం అని ప్రభుత్వం చెబితే కాదనడం ఎవరికీ తేలిక కాదు. ఈ వివాదం అంత బిగువుగా నడవడానికి అదే కారణం.

గ్రీన్‌బెల్ట్ 2005లో పుట్టింది. డాల్టన్ మెగింటి ప్రభుత్వం చట్టం చేసి, నయాగరా పండ్ల తోటల దగ్గర్నుంచి టొరంటో మహానగరాన్ని చుట్టుకుంటూ సుమారు 20 లక్షల ఎకరాలను నగర విస్తరణకు అందకుండా కాపాడింది. నదులు పుట్టే ఓక్ రిడ్జెస్ మొరేన్ మెట్టలు, కూరగాయలు పండే హాలండ్ మార్ష్ నల్లని నేల, పికరింగ్ దగ్గర డఫిన్స్ రూజ్ వ్యవసాయ సంరక్షణ భూములు దాని లోపల ఉన్నాయి. ఇళ్ళు కట్టడానికి వీల్లేదు కాబట్టి అక్కడ ఎకరం ధర సాగు ధరే. గీత ఒక్కటి జరిగితే అది ప్లాట్ల ధర అవుతుంది. అందుకే ఈ కథ మొత్తం ఒక గీత చుట్టూ తిరుగుతుంది.

నవంబరు 4 ప్రకటనలో ప్రభుత్వం చెప్పిన లెక్క చూడ్డానికి చక్కగానే ఉంది. 7,400 ఎకరాలు తీస్తాం, బదులుగా వేరే చోట 9,400 ఎకరాలు కలుపుతాం, తీసిన చోట కనీసం 50 వేల ఇళ్ళు వస్తాయి. రోజువారీ వార్త అక్కడితో ఆగిపోవచ్చు. ప్రకటనతో పాటు పర్యావరణ రిజిస్ట్రీలో పెట్టిన మ్యాపుల్ని ముందేసుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం ఆగలేదు. ది నార్వాల్ అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ, టొరంటో స్టార్ పత్రిక కలిసి ఈ పనికి దిగాయి. ఎమ్మా మెకింటాష్, నూర్ జావేద్ ఆ జట్టులో ముఖ్యులు. పోటీ పడాల్సిన రెండు సంస్థలు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే నాకు మెచ్చుకోదగ్గ సంగతిగా కనిపిస్తుంది. పని అంత పెద్దదని, ఒక్కరివల్ల అయ్యేది కాదని వాళ్ళకు మొదటి రోజే తెలిసి ఉండాలి.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. మ్యాపులో రంగు వేసిన ముక్క కనిపిస్తుంది, యజమాని పేరు కనిపించదు. ఒంటారియోలో ప్రతి భూమి ముక్కకూ తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆన్‌ల్యాండ్ అనే పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి, రుసుము కట్టి, ఒక్కొక్క ముక్క రికార్డు తీయాలి. తీస్తే యజమాని స్థానంలో తరచుగా కనిపించేది ఒక కంపెనీ, అది కూడా పేరుకు బదులు అంకెలున్న కంపెనీ. మళ్ళీ కంపెనీల రిజిస్ట్రీకి వెళ్ళి, మళ్ళీ రుసుము కట్టి, డైరెక్టర్ల పేర్లు రాబట్టాలి. ఒకే పేరు మూడు నాలుగు కంపెనీల్లో తగిలితే అప్పుడు ఒక బొమ్మ ఏర్పడటం మొదలవుతుంది. ఆ పేర్లను పట్టుకుని ఎన్నికల సంఘం దగ్గరున్న విరాళాల జాబితాలో వెతకాలి, లాబీయిస్టుల రిజిస్ట్రీలో వెతకాలి. ఇదంతా బహిరంగంగా ఉన్న సమాచారమే. ఎవరూ రహస్యంగా లీక్ చేసింది కాదు. విడివిడిగా నాలుగు చోట్ల పడి ఉన్నంతకాలం అది ఎవరికీ ఏమీ చెప్పదు. నాలుగింటినీ ఒక చోటికి చేర్చడంలో ఉంది పనితనమంతా.

అలా చేర్చినప్పుడు బయటపడ్డ వాటిలో ఒకటి అందరి నోళ్ళలో నానింది. కింగ్ టౌన్‌షిప్‌లో గ్రీన్‌బెల్ట్ లోపలి భూమి ఒకటి 2022 సెప్టెంబరులో 8 కోట్ల డాలర్లకు చేతులు మారింది. ఇళ్ళు కట్టడానికి వీల్లేని భూమి. రెండు నెలల తర్వాత విడుదలైన పదిహేను ముక్కల జాబితాలో అది ఉంది. ఇక్కడ విలేఖరులు చూపించిన నిగ్రహాన్ని నేను ప్రత్యేకంగా చెప్పాలి. ముందే కబురందింది అని వాళ్ళు తీర్పు రాయలేదు. భూముల బేరాలు నెలల తరబడి సాగుతాయి, రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే ఎవరి ఉద్దేశాన్నీ రుజువు చేయదు. కాబట్టి కొన్న తేదీ, ధర, జాబితాలో చేరిన తేదీ రాసి వదిలేశారు. సమాధానం చెప్పాల్సిన బరువు ఎవరి మీద పడాలో వాళ్ళ మీదే పడింది. అనుమానాన్ని అనుమానంగానే ఉంచి రాసిన వార్త ఎంత బలంగా నిలబడుతుందో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. గట్టిగా అరిచి ఉంటే ఖండన ప్రకటనతో వారంలో కొట్టుకుపోయేది.

వార్త బయటకొచ్చాక దాన్ని బతికించే పని వేరే ఉంటుంది. ఇది వారపు వ్యాఖ్యాతల పని. దీన్ని తక్కువ చేసి చూడ్డం మనకు అలవాటు. ఒంటారియో ప్రభుత్వ ప్రసార సంస్థ టీవీఓలో స్టీవ్ పేకిన్, జాన్ మైకేల్ మెగ్రాత్ కలిసి నడిపిన వారపు పాడ్‌కాస్ట్ ఆన్‌పోలి ఈ రకానికి మంచి నమూనా. పేకిన్ 2006 నుంచి 2025 దాకా ది అజెండా కార్యక్రమాన్ని నడిపిన మనిషి. జాన్ రొబార్ట్స్, బిల్ డేవిస్ వంటి పాత ప్రీమియర్ల, అంటే ప్రావిన్స్ ప్రభుత్వాధినేతల, జీవిత చరిత్రలు రాశారు. మెగ్రాత్‌కు పట్టణ ప్రణాళిక, గృహనిర్మాణ చట్టాల మీద పట్టుంది. ఒకరి దగ్గర ఆ ప్రావిన్స్ జ్ఞాపకం, మరొకరి దగ్గర ఆ ప్రావిన్స్ చట్టం. ఊళ్ళో ఏ సర్వే నంబరు ఎప్పుడు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో పుస్తకం తెరవకుండా చెప్పే పాతకాలపు కరణం లాంటివాళ్ళు ఇలాంటి వ్యాఖ్యాతలు. మంత్రి కొత్తగా ఏమన్నా, ఆయన పాతగా ఏమన్నాడో వీళ్ళకు గుర్తుంటుంది.

గ్రీన్‌బెల్ట్ విషయంలో ఆ గుర్తుండటమే సగం పని చేసింది. 2018 ఎన్నికల ముందు, తర్వాత ప్రీమియర్ అయిన డగ్ ఫోర్డ్ గ్రీన్‌బెల్ట్‌లో పెద్ద ముక్కను తెరుస్తానని అన్న వీడియో బయటకొచ్చింది. గొడవయ్యాక గ్రీన్‌బెల్ట్‌ను తాకనని మాట మార్చారు. అధికారంలోకి వచ్చాక 2018 చివర్లో 66వ బిల్లులో మరో దారి తెరవబోయి, 2019 జనవరిలో వెనక్కి తగ్గారు. 2020 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థల అధికారాల కోతకు నిరసనగా గ్రీన్‌బెల్ట్ మండలి అధ్యక్షుడు డేవిడ్ క్రాంబీ, మరికొందరు సభ్యులు రాజీనామా చేశారు. ఈ నాలుగు సంగతులూ వేరువేరు ఏళ్ళలో వేరువేరు పేజీల్లో అచ్చయి మరుగున పడినవే. నవంబరు 2022 ప్రకటన వెలువడిన వారం వీటన్నిటినీ వరసగా పేర్చి చెప్పగలిగినవాళ్ళ వల్లే, ఇది ఇళ్ళ కొరతకు అప్పటికప్పుడు దొరికిన మందా, ఎప్పట్నుంచో మనసులో ఉన్న కోరికా అన్న ప్రశ్న జనం ముందుకొచ్చింది. కలుపుతామన్న 9,400 ఎకరాల్లో నగరాల లోపలి నదీ లోయలు చాలా ఉన్నాయని, అవి ఇతర నిబంధనల కింద అప్పటికే రక్షణలో ఉన్నాయని ఎత్తిచూపింది కూడా ఇలాంటి వ్యాఖ్యాతలూ, ప్రణాళికా నిపుణులే. సంఖ్య పెద్దదైనంత మాత్రాన లాభం పెద్దది కాదని చెప్పడానికి మ్యాపు చదవడం రావాలి.

ఇక ఆడిటర్ నివేదిక. 2023 జనవరిలో మూడు ప్రతిపక్ష పార్టీల నాయకులు కోరాక బానీ లైసిక్ ఈ విచారణ చేపట్టారు. ఆమె పదేళ్ళ పదవీకాలం ఆ సెప్టెంబరులో ముగియాల్సి ఉంది, నివేదిక ఆగస్టులో ఇచ్చారు. పదవిలోంచి దిగిపోయే ముందు చేసిన చివరి పెద్ద పనుల్లో ఇదొకటి. దీని నిర్మాణం నాకు ఎంత చూసినా తనివి తీరదు. మామూలుగా ఇలాంటి నివేదిక అవినీతి అన్న తలుపు దగ్గర మొదలవుతుంది. ఈమె అవసరం అన్న తలుపు దగ్గర మొదలుపెట్టారు. అసలు ఈ భూమి కావాలా? 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వమే వేసిన గృహనిర్మాణ కార్యాచరణ బృందం, కొరతకు కారణం భూమి లేకపోవడం కాదని తేల్చి చెప్పింది. పదేళ్ళలో 15 లక్షల ఇళ్ళు కట్టాలన్న లక్ష్యానికి గ్రీన్‌బెల్ట్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఈ మాట ముందే చెప్పేయడంతో ప్రభుత్వం దగ్గరున్న ఒకే ఒక గట్టి సమర్థన నేలకూలింది. ఆ తర్వాత వచ్చే ప్రతి పేజీనీ పాఠకుడు వేరే కళ్ళతో చదువుతాడు. మరి ఎందుకు తీశారు అన్న ప్రశ్న అతని లోపలే పుడుతుంది.

అక్కణ్ణుంచి నివేదిక ఫైలు ప్రయాణాన్ని పట్టుకుంటుంది. శాఖలో కొద్దిమంది ఉద్యోగులతో ఒక బృందం వేశారు. బయట ఎవరితోనూ మాట్లాడకూడదని వాళ్ళ చేత సంతకాలు పెట్టించారు. దాదాపు మూడు వారాల గడువిచ్చారు. పురపాలక సంఘాల్ని గానీ, పర్యావరణ సంస్థల్ని గానీ అడిగే వీలు లేదు. ఏ భూముల్ని పరిశీలించాలో ఆ బృందం వెతికి పట్టుకోలేదు, జాబితా పేషీ నుంచి వచ్చింది. చివరికి తీసేసిన పదిహేను చోట్లలో పద్నాలుగు పేషీ అధిపతి తెచ్చినవే. పర్యావరణం, వ్యవసాయం ప్రకారం చూస్తే ఆ భూముల్లో చాలావరకు పరీక్ష దాటవని తేలినప్పుడు, మారింది భూములు కాదు, పరీక్షే. ఆ షరతుల్ని పక్కన పెట్టేశారు. ఈ ఒక్క వివరం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. సర్కారు ఆఫీసు ఎలా పనిచేస్తుందో తెలిసిన ఎవరికైనా ఇక్కడ గుండె కలుక్కుమంటుంది. కింది ఉద్యోగి సరిగ్గానే లెక్క కట్టాడు, లెక్క పైవాళ్ళకు నచ్చలేదు, సూత్రం మారింది. ఆ ఉద్యోగుల్ని దోషులుగా నిలబెట్టకుండా, వాళ్ళను ఎలా ఇరుకున పెట్టారో చూపించడం ఈ నివేదికలోని మానవత్వం.

అభిప్రాయ సేకరణ గురించిన భాగం చిన్నదే అయినా పదునైంది. నెల రోజుల్లో 35 వేలకు పైగా స్పందనలొచ్చాయి. దాదాపు అన్నీ వ్యతిరేకమే. ప్రణాళికలో మార్పేమీ జరగలేదు.

ఇక అందరూ గుర్తుంచుకున్న అంకె, 830 కోట్ల డాలర్లు. ఆ భూముల విలువ అంతకంటే ఎక్కువగానే పెరగొచ్చని నివేదిక చెప్పింది. ఈ అంకె బలం దాని సైజులో లేదు, పుట్టుకలో ఉంది. ఆడిటర్ తన సొంత అంచనా వేయలేదు. ప్రతిపక్షం వాళ్ళు చెప్పింది తీసుకోలేదు. ఆస్తి పన్ను కోసం ఒంటారియోలో ఇంటింటికీ విలువ కట్టే సంస్థ, ఎంప్యాక్ అంటారు, ఆ సంస్థ లెక్క తెప్పించుకున్నారు. ప్రభుత్వం తన ప్రజల దగ్గర పన్ను వసూలు చేయడానికి వాడే కొలబద్దతోనే ప్రభుత్వ నిర్ణయాన్ని కొలిచారన్నమాట. ఆ అంకెను కాదనాలంటే రేపు ప్రతి ఇంటి పన్ను నోటీసునూ కాదనాల్సి వస్తుంది. ఇలాంటి ఎంపిక తెలివితో పాటు అనుభవం ఉన్నవాళ్ళకే తడుతుంది.

నివేదికలోని 15 సిఫార్సుల్లో 14ను ప్రభుత్వం ఒప్పుకుంది. భూముల తొలగింపును తిరిగి పరిశీలించాలన్న ఒక్కదాన్ని పక్కన పెట్టింది. పేషీ అధిపతి ఆగస్టు 22న రాజీనామా చేశారు. ఆగస్టు 30న ఇంటెగ్రిటీ కమిషనర్ డేవిడ్ వేక్ నివేదిక వచ్చింది. శాసనసభ్యుల నడవడిని చూసే స్వతంత్ర అధికారి ఆయన. ప్రతిపక్ష ఎన్డీపీ నాయకురాలు మారిట్ స్టైల్స్ ఫిర్యాదు మీద విచారించి, మంత్రి స్టీవ్ క్లార్క్ శాసనసభ్యుల ఇంటెగ్రిటీ చట్టాన్ని ఉల్లంఘించారని తేల్చారు. సభ ఆయన్ను మందలించాలని సిఫార్సు చేశారు.

ఈ రెండు నివేదికల్నీ వెంటవెంటనే చదివితే ఇద్దరు భిన్నమైన పనివాళ్ళ చేతులు స్పష్టంగా తెలుస్తాయి. లైసిక్ ప్రక్రియను చూస్తారు, వేక్ మనుషుల్ని చూస్తారు. సాక్షుల్ని ప్రమాణం చేయించి ప్రశ్నించిన న్యాయమూర్తి అలవాటు వేక్ రాతలో అడుగడుగునా ఉంటుంది. ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొసగనప్పుడు, ఎవరి మాటను ఎందుకు నమ్ముతున్నారో కారణం రాస్తారు. నమ్మలేకపోతే ఎందుకు నమ్మలేకపోయారో కూడా రాస్తారు. మంత్రి తనకు తెలియదన్నారు. వేక్ దాన్ని అబద్ధమని కొట్టిపారేయలేదు. ఇంత ముఖ్యమైన పనిలో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా పేషీకి వదిలేయడమే మంత్రి తప్పని చూపించారు. తెలియకపోవడం తప్పించుకునే దారి కాకుండా పోయింది. పదవిలో ఉన్నవాళ్ళ బాధ్యత గురించి ఇంత సూటిగా చెప్పిన అధికారిక పత్రాన్ని నేను ఈ మధ్యకాలంలో చదవలేదు.

ఆ నివేదికలో మిస్టర్ ఎక్స్ అనే పాత్ర ఒకటుంది. భూమి గ్రీన్‌బెల్ట్ నుంచి బయటికొస్తే భారీ ఫీజు దక్కేలా ఒప్పందం కుదుర్చుకున్న మధ్యవర్తి. కథ ఇంత ఆసక్తిగా సాగుతున్న చోట పేరు రాసి ఉంటే మర్నాడు పత్రికల మొదటి పేజీ అదే అయ్యేది. వేక్ రాయలేదు. ఆయన విచారణ మంత్రి మీద. ఆ మధ్యవర్తి మీద తీర్పు చెప్పే పని తనది కాదనుకున్నారు, అతని ఒప్పందం ఎలాంటిదో మాత్రం దాచలేదు. పేరు లేకుండా కూడా సంగతి పూర్తిగా అర్థమయ్యేలా రాయొచ్చని ఆ పేజీలు చూపిస్తాయి.

సెప్టెంబరు 4న క్లార్క్ రాజీనామా చేశారు. సెప్టెంబరు 21న నయాగరా ఫాల్స్‌లో ప్రీమియర్ ఫోర్డ్, గ్రీన్‌బెల్ట్‌ను తెరవడం పొరపాటని ఒప్పుకుని, క్షమించమని అడిగి, ఆ భూములన్నీ తిరిగి కలుపుతామని చెప్పారు. అక్టోబరులో ఫెడరల్ పోలీసులు, అంటే ఆర్‌సీఎంపీ, దర్యాప్తు మొదలుపెట్టినట్టు ప్రకటించారు. ఆ ఏడాది చివరికి కొత్త చట్టం వచ్చింది. 2022లో గీతను జరపడానికి మంత్రివర్గం ఉత్తర్వు సరిపోయింది. ఇప్పుడు శాసనసభ చట్టం చేయాలి. డఫిన్స్ రూజ్ భూములకు 2022 చివర్లో తీసేసిన ప్రత్యేక చట్ట రక్షణ కూడా తిరిగొచ్చింది. తీసేసిన ఎకరాల్లో సగానికి పైగా ఆ ఒక్కచోటివే.

ఇంత జరిగినా ప్రభుత్వం పడిపోలేదు. క్లార్క్ 2024 జూన్‌లో ప్రభుత్వ సభా నాయకుడిగా తిరిగొచ్చారు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఫోర్డ్ పార్టీ వరసగా మూడోసారి స్పష్టమైన ఆధిక్యం తెచ్చుకుంది. ఇది చూసి అయితే ఈ రాతలన్నీ ఏం సాధించినట్టు అని అడిగేవాళ్ళున్నారు. ఈ ప్రశ్న నాకు సరైందిగా తోచదు. ఆడిటర్ పని ప్రభుత్వాన్ని కూల్చడం కాదు, విలేఖరి పనీ అది కాదు. ఓటరు వెయ్యి విషయాలు చూసి ఓటేస్తాడు. డఫిన్స్ రూజ్‌లో ఇవాళ్టికీ నాగలి నడుస్తోంది. ఆ గీతను మళ్ళీ జరపాలనుకున్నవాళ్ళు సభలో నిలబడి, పేరు చెప్పి, ఓటేసి జరపాలి. నాకు ఈ రెండూ చిన్న విషయాలుగా కనిపించవు.

ఈ వ్యవహారంలో ఆఖరుగా బయటపడ్డ సంగతి ఒకటుంది, అది పనివాళ్ళకు పనివాళ్ళు మాత్రమే పెట్టగల పరీక్ష లాంటిది. పేషీల్లో కొందరు సొంత ఈమెయిళ్ళు వాడారని, మెయిళ్ళను తుడిచేయడం అలవాటుగా చేశారని లైసిక్ ముందే గుర్తించారు. 2024లో ఇంకొకటి తెలిసింది. ప్రభుత్వంలోని రాజకీయ సిబ్బంది కొన్ని చోట్ల గ్రీన్‌బెల్ట్ అన్న మాటకు బదులు ఇంగ్లిష్ జీ అక్షరం పక్కన నక్షత్రం గుర్తు పెట్టి వాడారు. దీని మర్మం కంప్యూటర్‌లో వెతికినవాళ్ళకే తెలుస్తుంది. చాలా వెతుకుడు వ్యవస్థల్లో నక్షత్రం అంటే ఏ అక్షరాలైనా కావొచ్చు అని అర్థం. జీ పక్కన నక్షత్రం పెట్టి వెతికితే ఆ అక్షరంతో మొదలయ్యే ప్రతి మాటా వచ్చి పడుతుంది. సమాచార హక్కు కింద ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, ఆ కుప్పలోంచి కావాల్సిన కాగితం ఏరుకోవడం దాదాపు అసాధ్యం. సమాచార, గోప్యతా కమిషనర్ పట్రీషియా కొసీమ్ ఇలాంటి సంకేత పదాల వాడకాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఒక గుర్తు వల్ల ప్రజల హక్కు ఎలా ఉత్తిదైపోతుందో కనిపెట్టి, దాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పడం కూడా పెద్ద పనితనమే. నేరం కనిపించే చోట వెతకడం అందరికీ వస్తుంది, కాగితం కనిపించకుండా పోయిన తీరును వెతకడం కొద్దిమందికే వస్తుంది.

ఇలా చదవడం నేర్చుకున్న కళ్ళు ఆ తర్వాత ఊరుకోలేదు. 2024 జూన్ 21న టొరంటోలోని ఒంటారియో సైన్స్ సెంటర్‌ను పైకప్పు పలకలు ప్రమాదంగా ఉన్నాయంటూ ప్రభుత్వం హఠాత్తుగా మూసేసింది. ఇంజనీర్ల నివేదికను తెరిచి చదివినవాళ్ళకు అందులో భవనం మూసేయమన్న సిఫార్సు కనిపించలేదు. మరమ్మతుల దారులు కనిపించాయి. ఆ ఏడాది డిసెంబరులో కొత్త ఆడిటర్ జనరల్ షెల్లీ స్పెన్స్, సరస్సు ఒడ్డున ఉన్న ఒంటారియో ప్లేస్‌ను పునరభివృద్ధికి ఇచ్చిన తీరు న్యాయంగా, పారదర్శకంగా లేదన్నారు. 2025 అక్టోబరు 1న ఆమె మరో ప్రత్యేక నివేదిక ఇచ్చారు. ఈసారి విషయం కార్మికుల నైపుణ్య శిక్షణ కోసం పెట్టిన 250 కోట్ల డాలర్ల నిధి. శాఖ ఉద్యోగులు అర్జీలకు మార్కులు వేశారు. మంత్రి కార్యాలయం ఎంపిక చేసినవాటిలో సగానికి పైగా తక్కువ, మధ్యస్థ మార్కులొచ్చినవే. ఎందుకు ఎంపిక చేశారో చాలావాటికి సరైన కారణం రాసి లేదు.

మార్కుల జాబితా ఒక పక్క, ఎంపిక జాబితా ఒక పక్క. స్పెన్స్ కూడా రెండు కాగితాల్ని పక్కపక్కన పెట్టారు. మంత్రి డేవిడ్ పిచీని రాజీనామా చేయాలని ప్రతిపక్షాలు పట్టుబట్టాయి, ప్రీమియర్ మంత్రిని వెనకేసుకొచ్చారు. క్వీన్స్ పార్క్ విలేఖరులు డబ్బు అందుకున్న సంస్థల పేర్లను, లాబీయిస్టుల రిజిస్ట్రీని, విరాళాల జాబితాను మళ్ళీ ముందేసుకున్నారు.